ఆ ఖాళీ తర్వాతి స్వరం

ఆ రోజు పొయ్యి దగ్గరికి పరిగెత్తకపోయి ఉంటే ఆ తర్వాత ఏ స్వరం వాయించి ఉండేది? ఇరవై ఏళ్ళుగా ఆమెను వదలని సందేహం ఇదొక్కటే. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, ఇంట్లో అందరినీ చల్లగా చూడమని అడగడం అయ్యాక, కాస్త సిగ్గుపడుతూ, "ఆ స్వరం ఏదో నీకైనా తెలుసా స్వామీ?" అనేది. స్వామి చెప్పేవాడు కాదు. ఆయనకు మాత్రం ఎన్ని ఇళ్ళ గోల అని సర్దిచెప్పుకుని పాలగిన్నె పొయ్యి మీద పెట్టేది.

వెంటనే ముందుగదిలోంచి అత్తగారి గొంతు వచ్చేది. "అక్కడే నిలబడు. పోయినసారిలా లీటరు పాలు పొయ్యికి పోసేవు!"

పోయినసారి అంటే ఇరవై ఏళ్ళ కిందట.

పెళ్ళికి ముందు ఆమె ఒక రాక్ బృందంలో గిటారు వాయించేది. నలుగురు మగవాళ్ళ మధ్య ఒక్కతే ఆడపిల్ల. వాళ్ళు ఆమెను పిడుగు అని పిలిచేవారు. కచేరీలు లేని రోజుల్లో స్టూడియోలకు వెళ్ళి, ఎవరు పిలిస్తే వాళ్ళ పాటకు వాయించి వచ్చేది. ఆమెను పెళ్ళాడిన ఆయనా అప్పుడు అదే పని చేసేవాడు. అప్పట్లో ఆమెది మొదటి గిటారు, ఆయనది రెండోది. పెళ్ళయిన నెలకి ఆయన చాలా న్యాయంగా మాట్లాడాడు. "ఇద్దరం స్టూడియోలో కూర్చుంటే ఇల్లెవరు చూస్తారు? ఎవరో ఒకరు ఆగాలి కదా." ఎవరో ఒకరు అన్నాడే గానీ ఎవరని అనలేదు. అనక్కర్లేకపోయింది.

ఆగాక ఆమెకు ఇంకో పని వచ్చిపడింది. ఆయన చెయ్యి మంచిదే గానీ, కొత్త పాటకు ఏం వాయించాలో చప్పున తట్టేది కాదు. పాట ఇంటికి తెచ్చి "ఓసారి చూడవే" అనేవాడు. ఆమె వంట మధ్యలో, వంటింట్లోనే, చిన్న స్పీకరు ముందు మైకు పెట్టుకుని వాయించి రికార్డు చేసి ఇచ్చేది. దాన్ని గైడ్ అంటారు. అసలు వాయించేవాడు విని నేర్చుకోవడానికి పనికొస్తుంది, ఆ తర్వాత చెరిపేస్తారు. ఒకసారి నవ్వుతూనే అడిగింది, నా పేరు కూడా ఎక్కడైనా ఓ మూల రాయించకూడదా అని.

"గైడుకి పేరేంటే పిచ్చిదానా! ఇల్లు కట్టాక పరంజా విప్పేస్తారు. పరంజా మీద ఎవరైనా పేరు రాసుకుంటారా?"

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆయన నవ్వు ఎప్పుడో మర్చిపోయింది గానీ, తన నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నోరంతా చేదవుతుంది.

ఆ పాట గైడు వాయించిన రోజు పొయ్యి మీద పాలున్నాయి. పాట నడుమ గిటారు ఒక్కటే వినబడే చోటు. వేళ్ళు ఆమెను అడక్కుండానే మెట్టు మెట్టూ ఎక్కిపోయాయి. ఇంకొక్క స్వరం, అంతే, చివరి మెట్టు. అప్పుడు "పాలు! పాలు!" అని అత్తగారి కేక. ఆమె అరచెయ్యి తీగల మీద వేసి నొక్కేసి, రెండడుగుల్లో పొయ్యి ఆర్పి, వచ్చి పాట ఎంతవరకు వెళ్ళిందో అక్కణ్ణుంచి అందుకుంది. పొయ్యి తుడిచి వచ్చేసరికి ఆయన గైడు తీసుకుని వెళ్ళిపోయాడు.

స్టూడియోలో ఆయన ముప్ఫైసార్లు ప్రయత్నించాడట. కుదరలేదు. ఈ గైడే పాటలో ఉంచేద్దాం, ఇది వాయించిందెవరని సంగీత దర్శకుడు అడిగితే, "నేనే సార్, ఇంట్లో" అన్నాడట. అది ఆయనే వచ్చి చెప్పాడు, పెద్ద గండం గడిచినట్టు. పాట ఊరూవాడా మోగింది. అందులోనూ ఆ ఖాళీ. గిటారు ఎక్కి ఎక్కి ఠక్కున ఆగిపోయే ఆ నాలుగు క్షణాల కోసం జనం ఊపిరి బిగబట్టేవారు. "నిశ్శబ్దం కూడా సంగీతమేనండీ. ఎక్కడ ఆగాలో తెలియడమే కళ" అని ఆయన టీవీలో చెబుతున్నప్పుడు ఆమె మాడిన గిన్నె తోముతోంది.

ఇప్పుడు ఆ పాటను మళ్ళీ కొత్తగా రికార్డు చేస్తామని పిలుపొచ్చింది. ఆయన వారం రోజులు గదిలో కుస్తీ పట్టాడు. వేళ్ళు బిగుసుకుపోయాయి. ఎనిమిదో రోజు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఓసారి వాయించి ఇవ్వవే. నీకెంతసేపు? కూర దించేలోపు అయిపోతుంది" అన్నాడు.

ఆమె కూర కలియబెట్టింది. ఆ మధ్యాహ్నమే స్టూడియో నుంచి సౌండ్ ఇంజినీరు ఫోన్ చేశాడు. వాళ్ళిద్దర్నీ పెళ్ళికి ముందునుంచీ ఎరిగిన పెద్దమనిషి.

"చెల్లెమ్మా, ఒకటి చెబుతాను, తప్పుగా అనుకోకు. ఆ ఖాళీలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి వింటే ఓ పెద్దావిడ పాలు పాలు అని అరుస్తుంది. వాయించింది నువ్వేనని నాకు అప్పుడే తెలుసు. పొయ్యి మీద పాలు చూసుకుంటూ గిటారు వాయించే రకం కాదు మీ ఆయన."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "తెలిసి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నయ్యా?"

"మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకులే అని..."

"మా మధ్యకు వచ్చింది మీరు కాదు, పాట."

 ఇంజినీరు మెల్లిగా, "రేపు పదకొండింటికి రికార్డింగు. నువ్వే రా" అన్నాడు.

మర్నాడు ఆమె గిటారు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆయన కారు తాళాలతో ఆగిపోయాడు. "ఎక్కడికి?"

"పనికి."

"నలుగురిలో నా పరువు తీస్తావా ఏంటి?"

"మీ పరువుకి నేనేం చెయ్యనండీ. గైడు మాత్రం ఇవ్వను." ఆమె వెళ్ళి కారులో కూర్చుంది.

స్టూడియోలో ఆమె గాజు గది లోపల, ఆయన బయట. పాట మొదలైంది. వేళ్ళు ఎక్కడం మొదలుపెట్టాయి, పాత దారినే. ఆ చివరి మెట్టు దాకా వచ్చాయి. ఎవరైనా కేకేస్తారేమోనని చెవులు వాటంతటవే వెనక్కి తిరిగాయి. ఎవరూ కేకెయ్యలేదు. వేలు తీగను నొక్కి పైకి వంచింది. పెద్ద అద్భుతమేమీ కాదు, ఎత్తుకున్న చోటికే మళ్ళీ దింపే మామూలు స్వరం. చిన్నపిల్ల బడి నుంచి ఇంటికి వచ్చినట్టుంది. ఇంత మామూలు దానికోసమా స్వామీ ఇరవై ఏళ్ళు నిన్ను విసిగించాను అనుకుంది.

సంగీత దర్శకుడు కంగారుగా మైకు అందుకున్నాడు. "అమ్మా, బాగుంది గానీ ఆ ఖాళీ ఏదీ? జనం దానికోసమే వింటారు!"

"అది ఖాళీ కాదండీ. పాలు పొంగితే పొయ్యి ఆర్పడానికి వెళ్ళాను."

గాజు అవతల ఇంజినీరు తల దించుకున్నాడు. ఆయన తన బిగుసుకుపోయిన వేళ్ళ వంక చూసుకుంటూ ఉండిపోయాడు. కాదని మాత్రం అనలేదు. వాయించినవాళ్ళ పేర్లు రాసే కాగితం వచ్చినప్పుడు ఆమె గిటారు అన్న గడిలో తన పేరు రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. దిద్దలేదు.

తిరిగి వస్తూ వీధి చివర కారు ఆపించి, దిగి, లీటరు పాలు కొంది. ఇంట్లో అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే "ఏదీ, వంట ఎవరు..." అని మొదలుపెట్టేలోపు పాలు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"ఇదేంటే?"

"ఆ రోజు పోయిన లీటరు అత్తయ్యా. చెల్లుకు చెల్లు."

అత్తగారు పాల వైపు, కోడలి భుజాన ఉన్న గిటారు వైపు, వెనకాల తలొంచుకుని నిలబడ్డ కొడుకు వైపు చూసింది. "మరి కాచేదెవరు?"

ఆమె అప్పటికే గదిలోకి వెళ్ళి, స్పీకరు తీగ తగిలించి, తలుపు వేసుకుంది.