లిఫ్టుకు బొట్టు

విశ్వకర్మ పూజ నాడు కలకత్తాలో తిరిగే ప్రతి చక్రమూ సెలవు పుచ్చుకుని బొట్టు పెట్టించుకుంటుంది. రిక్షాలు, గ్యారేజీలు, అచ్చు యంత్రాలు, పిండిమరలు, ఒకటని లేదు. తిరగని చక్రానికి పూజ ఎందుకని మాంట్‌రోజ్ హోటల్ వాళ్ళను అడిగి చూడండి, కొట్టడానికి వస్తారు. హోటల్ మూతపడి తొమ్మిదేళ్లయినా వాళ్ళ లిఫ్టుకు ఏటా బొట్టు పడుతూనే ఉంది.

ఆ పొద్దున ధర్మతలాలో బస్సు దిగిన నికుంజ సామంతకు కాళ్ళు ఒక చోట నిలవడం లేదు. రోడ్డు దాటబోయి ఆగాడు, ఆగి టీ తాగాడు, తాగిన టీ చల్లగా ఉందని కొట్టువాడితో పోట్లాడాడు. టీ వేడిగానే ఉంది. చల్లారేదాకా చేతిలో పట్టుకుని నిలబడింది ఇతనే. బయలుదేరేటప్పుడు భార్య ఝర్ణ గుమ్మం దాకా వచ్చి అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది.

"ఆ మేనేజర్ని మా తమ్ముడు ఎంత బతిమాలాడో నీకేం తెలుసు? సాయంత్రం నాలుగు లోపల ఫోన్ చేసి వస్తానంటే సరి. లేదంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. ఇవాళ ఎలాగూ మీ పాత హోటల్ గేటు తీస్తారుగా, ఎవరో చెప్పింది కాదు, నీ కళ్ళతో నువ్వు లోపలికెళ్ళి చూడు. చూశాక ఏదో ఒకటి తేల్చు. నాకింక ఓపిక లేదు."

రాజార్‌హాట్‌లో కొత్తగా కట్టిన అద్దాల హోటల్లో కొలువు అది. విందులు వడ్డించే జట్టుకు పెద్దగా ఉండమన్నారు. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. నికుంజ గంతెయ్యలేకపోవడానికి కారణం ఒక ఎర్రటి నడుంపట్టీ. మాంట్‌రోజ్ భోజనశాలలో హెడ్ బేరర్ ఒక్కడే కట్టుకునే పట్టీ. ఇరవై ఏళ్ళు పళ్ళేలు మోసి మోసి, పాత హెడ్ బేరర్ రిటైరయ్యాక, ఇక నువ్వేనయ్యా అని మేనేజరు నోటితో అనిపించుకున్నాడు. దర్జీ వచ్చి నడుం కొలత కూడా తీసుకున్నాడు. ఆ పట్టీ కుట్టి రాకముందే హోటల్‌కు తాళం పడింది.

గేటు ముందు టార్పాలిన్ కింద కూర్చునే పాత పనివాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. వేరే చోట కొలువుకు కుదిరినవాడి పేరు వరసలోంచి తీసేస్తారు. హోటల్ మళ్ళీ తెరిచిననాడు వాడు ముక్కూమొహం తెలియని బయటివాడితో సమానం. ఈ కట్టుబాటు పెట్టిననాడు అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు నికుంజే. ఇప్పుడది తన మెడకే చుట్టుకుంది.

హోటల్ ముఖం మాత్రం ఇప్పటికీ దొరలాగే ఉంది. పాత కట్టడం కనుక ముఖభాగం మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని సర్కారు ఉత్తర్వు. కంపెనీలు మారాయి. వచ్చిన ప్రతివాడూ డప్పులతో వచ్చి, రిబ్బను కత్తిరించి, వెదుళ్ళు కట్టి, ఆకుపచ్చ వల కప్పి, వాటాదారులతో తగువు పడి పోయాడు. వల మాత్రం చిరుగులతో వేలాడుతోంది. దాని మీది బోర్డులో 'త్వరలో' అన్న మాట ఎండకు వెలిసి, తెలిసినవాళ్ళకు తప్ప కనిపించడం మానేసింది. నిరుడు ఒకసారి రెండో అంతస్తు కిటికీలోంచి ఆకాశం కనిపించినట్టయింది నికుంజకు. టార్పాలిన్ కింద పెద్దవాడైన ఖగేన్‌దాకు చూపిస్తే, "అద్దంలో నీడరా, పిచ్చోడా," అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఖగేన్‌దా అంటే అందరికీ ఖగేనన్న, ఒకప్పటి లిఫ్టువాడు. లిఫ్టే యంత్రం, యంత్రానికే పూజ కాబట్టి, పూజ అతనిది. కంపెనీ ఏటా ఒక్క మనిషిని మాత్రం కాసేపు లోపలికి పోనిస్తుంది. పంతులు గేటు దగ్గరే విశ్వకర్మ బొమ్మకు మంత్రాలు చదివి తక్కిన గ్యారేజీలకు పరుగెడతాడు. ఖగేన్‌దా పూలూ సిందూరమూ పట్టుకుని లోపలికి వెళ్ళి, లిఫ్టుకు బొట్టు పెట్టి, బయటికొచ్చి అందరికీ లోపలి కబురు చెబుతాడు. అంతా అలాగే ఉందిరా, దుమ్ము పట్టింది గానీ తుడిస్తే పోతుంది, అని. ఆ కబురు మీద వాళ్ళకు ఏడాది గడుస్తుంది.

నికుంజ వెళ్ళేసరికి వంటవాడు ఇద్రిస్ మియా ఫుట్‌పాత్ మీద ఖిచిడీకి బంగాళాదుంపలు కోస్తున్నాడు. పక్కన లాల్టూ, పూజ నాడు ఊరంతా ఎగరేసే గాలిపటాలకు దారం చుడుతున్నాడు. ఉన్నవాళ్ళలో చిన్నవాడు, ఒకప్పుడు లాండ్రీలో దుప్పట్లు మోసేవాడు. చిన్నవాడంటే నలభై దాటాయి.

"ఏం నికుంజదా, కొత్త జోళ్ళా?" అన్నాడు లాల్టూ. "రాజార్‌హాట్ చాలా దూరమంట కదా, కరుస్తాయేమో చూస్కో."

"నీకెవడు చెప్పాడ్రా?"

"కలకత్తాలో పక్కోడి ఉద్యోగం సంగతి ఒకడు చెప్పాలా?"

ఇద్రిస్ మియా తలెత్తకుండానే నవ్వాడు. నికుంజ నవ్వలేదు.

గేటు దగ్గర అప్పటికే రభస మొదలైంది. ఖగేన్‌దా ఆషాఢంలో బస్సు మెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నడవడానికి ఆసరాగా పట్టుకునే ఇనుప చట్రం మీద వాలి నిలబడి, పూలపళ్ళెం గుండెకు అదుముకుని, కొత్త గార్డుతో వాదిస్తున్నాడు.

"నా చెయ్యి తప్ప ఆ లిఫ్టు ఇంకో చెయ్యి ఎరగదయ్యా. నేనే పోతాను."

"దాదా, నువ్వు లోపల పడితే నా కొలువు పోద్ది. కాళ్ళు సరిగ్గా ఉన్నోణ్ణి పంపు. ఒక్కణ్ణే. ఫోను ఇక్కడ పెట్టి పోవాలి."

"నేనెళ్ళొస్తా, ఇటివ్వు," అని నికుంజ పళ్ళెం పట్టుకున్నాడు. ముసలాయన వదల్లేదు.

"వద్దు. ఈ ఏడాదికి గేటుకే పెట్టేద్దాం బొట్టు."

"గేటు యంత్రమెప్పుడయిందయ్యా!" అన్నాడు ఇద్రిస్ మియా. "మీ దేవుడు నవ్విపోతాడు."

అందరూ గోల చేశారు. ఖగేన్‌దా వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. నికుంజ లోపలికి అడుగు పెడుతుంటే వెనకనుంచి చొక్కా పట్టి లాగి, "అటూ ఇటూ చూడకు. బొట్టు పెట్టి వచ్చెయ్," అన్నాడు చిన్నగా.

పోర్టికో దాటి, చెక్కతో మూసిన పెద్ద తలుపు పక్క సందులోంచి దూరాడు నికుంజ. లోపల చీకటిగా ఉంటుందనుకున్నాడు. కళ్ళు చిట్లించాల్సినంత వెలుగు. పైకి చూస్తే ఆకాశం, ఆకాశం నిండా ఎవరెవరివో గాలిపటాలు.

పైకప్పు లేదు. అంతస్తులు లేవు. మెట్లు లేవు. హోటల్ ముఖం ఒక్కటే గోడగా నిలబడి ఉంది, వెనకనుంచి వెదుళ్ళు ఆనించి పడిపోకుండా పట్టుకున్నారు. పాలరాయి పలకలు ఎప్పుడు పెకలించి వెనక సందులోంచి తోలుకుపోయారో, అవి ఉన్నచోట వాననీళ్ళు నిలిచి, చుట్టూ రెల్లు మొలిచి తెల్లగా పూసింది. భోజనశాల ఎక్కడిదాకానో పోల్చుకోవాలని అడుగులు వేశాడు. గవర్నరు కూర్చునే మూల అనుకున్నచోట కప్ప ఒకటి దూకింది. తెగిపడ్డ గాలిపటం ఒకటి బురదలో తడుస్తోంది. నికుంజ చెయ్యి తనంతట తనే నడుం మీదికి పోయింది. దర్జీ టేపు చల్లగా తగిలిన చోటది.

లిఫ్టు ఉండాల్సిన చోట ఇటుకల గుంట. గుంట అంచున, మోచేతి ఎత్తున, ఇటుకల మీద సిందూరం బొట్లు. ఒకటి ఎర్రగా, దాని పక్కది వెలిసి, ఆ పక్కది వానకు కారి, ఇంకోటి మరక మాత్రమే మిగిలి. ఏటికొక బొట్టు. పక్కన పడే చోటు వెతుక్కుని మరీ పెట్టాడు మహానుభావుడు. ఎన్నేళ్ళ నుంచి లిఫ్టు లేదో ఆ గోడే చెబుతోంది.

నికుంజకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం గుంటలోకి విసిరేద్దామనుకున్నాడు. విసరలేదు. వేలితో సిందూరం తీసి వరసలో చివర తానూ ఒక బొట్టు పెట్టాడు. ఎందుకు పెట్టాడో తెలీదు, అది వంకరగా పడింది.

బయటికి రాగానే అందరూ మూగారు. "ఎలా ఉంది? ఎలా ఉంది?" ఖగేన్‌దా మాత్రం అడగలేదు.

"ఏం లేదు," అన్నాడు నికుంజ. "లిఫ్టు లేదు, కప్పు లేదు, లోపల గడ్డి మొలిచింది. ముందు గోడ తప్ప హోటలనేదే లేదు. మనం గోడకు కాపలా కాస్తున్నాం."

ఇద్రిస్ మియా చేతిలో గరిటె అలాగే ఆగింది. తర్వాత వెనకనుంచి ఎవరో అన్నారు, "రాజార్‌హాట్ వాళ్ళు ఇట్లా చెప్పి రమ్మన్నారా?"

"ఏంటా కూత?"

"అంతేగా మరి. పోయేవాడు పోకుండా, మాకు పొగబెట్టి పోతావా?"

"నేనెందుకు అబద్ధమాడతాన్రా? గార్డునడగండి!"

"నా డ్యూటీ గేటు దాకానే, దాదా," అన్నాడు గార్డు, మొహం అటు తిప్పుకుని.

"ఆ గార్డెందుకు, ఖగేన్‌దా లేడా?" అన్నాడు ఇద్రిస్ మియా. "ఏటా చూసేది ఆయనే. దాదా, నువ్వు చెప్పు."

ఖగేన్‌దా చట్రం మీద రెండు చేతులూ బిగించాడు. ఒక్కొక్క మొహమే చూశాడు. గేటు నమ్ముకుని నెరిసిన తలలు, పొర కమ్మిన కళ్ళు, ఊడిన పళ్ళు. చివరికి నికుంజ మొహం చూశాడు.

"వాడు అబద్ధమాడుతున్నాడు," అన్నాడు. "నిరుడు నేను చూసినప్పుడు అంతా బాగానే ఉంది."

"నా కళ్ళలోకి చూసి చెప్పు ఖగేన్‌దా!"

"చూసే చెబుతున్నాగా. అబద్ధం."

గుంపులోంచి హమ్మయ్య అన్నట్టు ఊపిరి వినిపించింది. ఖిచిడీ కింద మంట మళ్ళీ ఎగదోశారు. ఎవరో పేకముక్కలు తీశారు. నికుంజ వైపు చూసేవాడు లేడు.

ఇన్నేళ్ళు ఒకే టార్పాలిన్ కింద తడిసిన మనుషులు. తనను దొంగను చేసి నిలబెట్టారు. గార్డు దగ్గర ఫోను తీసుకుని, ప్రసాదం కూడా తాకకుండా బస్‌స్టాపుకు నడిచాడు నికుంజ. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. మూడోసారి రాజార్‌హాట్ మేనేజరు ఎత్తాడు. "వస్తాను సార్," అన్నాడు. అంతే, పెట్టేశాడు.

"నికుంజదా! ఆగు!"

లాల్టూ పరుగెత్తుకొస్తున్నాడు. చేతిలో ఇంకా దారం ఉండ.

"ఏరా, నువ్వు కూడా తిట్టాలా? తిట్టు."

లాల్టూ వగరుస్తూ వెనక్కి చూసి, గొంతు తగ్గించాడు. "అక్కడ ఇంకో మనిషికి చోటుంటదా? దుప్పట్లు మోసేదైనా సరే."

"నేను అబద్ధాలకోరునిగా?"

"ఖగేన్‌దానే పంపాడు. ఖిచిడీ ఆకు అందుకుంటున్నట్టు నన్ను కిందికి వంగదీసి చెవిలో చెప్పాడు. 'వాడు చెప్పింది నిజంరా, నీకింకా నడుం వంగలేదు, వాడి వెనకాలే పో' అన్నాడు."

లాల్టూ దారం ఉండ జేబులో కుక్కుకున్నాడు.

"'మరి వీళ్ళందరి సంగతేంటి దాదా' అన్నా. 'వీళ్ళకిప్పుడు పనెవడిస్తాడు, ఈ గేటు కూడా లేదంటే పొద్దున్నే లేచి ఎక్కడికి పోతార్రా' అన్నాడు."

నికుంజ వెనక్కి తిరిగాడు. ఆకుపచ్చ వల కింద ముసలాళ్ళు వలయంగా కూర్చుని ఆకుల్లో ఖిచిడీ తింటున్నారు. మధ్యలో ఖగేన్‌దా చెయ్యి తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, వాళ్ళు నవ్వుతున్నారు. లోపలి కబురే అయి ఉంటుంది. ఆయన ఇటు చూడలేదు. ఇన్నేళ్ళూ ఆ గుంట ముందు ఒక్కడే నిలబడి, బయటికొచ్చి నవ్వుమొహం పెట్టుకున్న మనిషి. అప్పటిదాకా పళ్ళబిగువున పట్టుకున్న కోపం నికుంజలో నీరుగారిపోయింది, దాని చోట ఏడుపు మిగిలింది.

రాజార్‌హాట్ బస్సు వచ్చి ఆగింది. లాల్టూ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయాడు.

"నికుంజదా, వరసలోంచి నా పేరు తీసేస్తారంటావా?"

"తీసేస్తార్లే," అన్నాడు నికుంజ, వాడి వీపు మీద చెయ్యి వేసి. "ఎక్కు."