వెనక ఇరుసు

కారు కింద వెల్లకిలా పడుకుని మేస్త్రి ఆఖరి బోల్టు వదులు చేశాడు. నల్లబడ్డ ఆయిలు రేకు పళ్ళెంలోకి ధార కట్టింది. అరవై మూడేళ్ళ వయసులో కారు కిందికి దూరడం ఒక ఎత్తు, బయటికొచ్చి లేవడం ఒక ఎత్తు. ముందు మోకాలు పట్టుకుని, తర్వాత మడ్‌గార్డు పట్టుకుని నిలబడ్డాడు.

గుమ్మం పక్కన ఇనుప కుర్చీలో కూర్చున్న నర్సమ్మ నవ్వింది. "మిమ్మల్ని కూడా విప్పి బిగించాలి మేస్త్రీ."

"నా స్పేర్లు దొరకవమ్మా. కంపెనీ ఎప్పుడో మూసేశారు."

ఆసుపత్రిలో నర్సుగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి ఆమె. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ ముసలి డాక్టరు దగ్గర కొన్న కారు ఇది. ఊళ్ళో తిరగడానికి రాజాలాంటిదే గాని, హైవే ఎక్కి అరవై దాటిందంటే ఇంజను గగ్గోలు పెట్టేది. తప్పు ఇంజనుది కాదు. వెనక ఇరుసులోని గేర్లు గుంతల రోడ్ల కాలానికి కోసినవి. షాఫ్టు అయిదు చుట్లు తిరిగితే గాని చక్రం ఒక్క చుట్టు తిరగదు. నాలుగు చుట్లకే తిరిగే గేర్లు వేస్తే ఇంజను ఊపిరి పీల్చుకుంటుంది.

మూడేళ్ళ కిందట ఆ మాట చెప్పింది మేస్త్రే. మూడొందల కిలోమీటర్ల అవతల ఆమె అక్క ఒంటరిగా ఉంటోంది. ఇద్దరూ ఒకచోట చేరిపోవాలని అక్కచెల్లెళ్ళ కోరిక. కారు వదిలి రానంటుంది నర్సమ్మ. లారీ ఎక్కించి పంపొచ్చుగా అంటే, "బతికున్నదాన్ని మోయించుకుపోతారా? గేర్లు దొరకనీయండి, నేనే నడుపుకుంటూ పోతాను" అనేది.

గేర్లు దొరికి రెండేళ్ళయింది. పాత బళ్ళు విప్పేచోట వెతికి తెచ్చి, కిరోసిన్‌తో కడిగి, గ్రీజు పట్టించి, గుడ్డలో చుట్టి పై అరలో పెట్టాడు. ఆమె అడిగినప్పుడల్లా మాత్రం "ఇంకా దొరకలేదమ్మా" అన్నాడు.

ఎందుకన్నాడో తనకి తెలుసు. ప్రతి శనివారం ఆమె హారను బొంగురుపోయిందనో, తలుపు కిర్రుమంటోందనో కారు తెచ్చేది. ఆ కుర్చీలో కూర్చుని ఆసుపత్రి కబుర్లు చెప్పేది. భార్య పోయాక అతనితో పనికిరాని మాటలు మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. అతనుండే అన్నగారింట్లో వదిన ఊరుకునేది కాదు. "ఆ కారు జబ్బు నయం కావడం డాక్టరుకే ఇష్టం లేనట్టుందయ్యా" అనేది.

పోయిన వారం నర్సమ్మ, "అక్క ముందు గదికి రంగు వేయించింది. ఇక కారు ఎవరికైనా ఇచ్చేసి బస్సెక్కుతాను" అంది. అంటూ కారు తలుపు మీద అరచెయ్యి ఆనించింది. మేస్త్రి ఆ చెయ్యి చూశాడు. "దొరికాయమ్మా" అన్నాడు.

నిన్నే చక్రాలూ యాక్సిళ్ళూ ఊడదీశాడు. ఇవాళ పాత గేర్లు తీసి కొత్తవి కూర్చాడు. పళ్ళమీద నీలిరంగు పూసి, చేత్తో తిప్పి, రంగు ఎక్కడ చెరిగిందో చూశాడు. పంటి అంచున చెరిగింది, పొందిక కుదరలేదు. మళ్ళీ విప్పి, వెంట్రుకంత పల్చటి రేకు ఒకటి మార్చాడు. మళ్ళీ తిప్పాడు. మూడోసారికి రంగు పంటి నడిమధ్యన చెరిగింది. అతని చేతుల్లో అబద్ధం లేదు. ఎప్పుడూ లేదు.

పన్నెండు దాటాక ఆమె ఫోను మోగింది. చాలాసేపు వింది. "సరే" అని పెట్టేసింది.

"ఏమైందమ్మా?"

"అక్క పోయింది. టిఫిను తిని కుర్చీలో కూర్చుందట. అంతే." కొంగు సర్దుకుంది. "నేనొచ్చేదాకా, రేపు పొద్దుటిదాకా ఉంచుతామన్నారు. తొందరేం లేదు మేస్త్రీ, జాగ్రత్తగా బిగించండి."

అతను పానా కింద పెట్టాడు. "ఈ గేర్లు రెండేళ్ళనించీ నా దగ్గరే ఉన్నాయమ్మా."

ఆమె అర్థం కానట్టు చూసింది. "దొరకలేదన్నారుగా?"

"అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

నోటిదాకా వచ్చింది. ఈ రోజు చెప్పే మాట కాదది. ఎప్పుడో ఒక శనివారం చెప్పవలసింది.

"బద్ధకం" అన్నాడు.

ఆమె లేచి వచ్చి, బల్ల మీద పరిచి ఉన్న ఆ చుట్టుగుడ్డను చూసింది. ఎక్కడా తుప్పు మరక లేదు. "బద్ధకస్తులు ఇలా దాచరు" అంది మెల్లగా. గుడ్డని నాలుగు మడతలు పెట్టి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

రెండింటికి ఆయిలు పోశాడు. ట్రయలు కోసం హైవే దాకా వెళ్ళొచ్చాడు. ఇంజను ఉన్నట్టే లేదు.

"మీటరు ఇక తక్కువ చూపిస్తుందమ్మా. అరవై అంటే డెబ్బై అయిదు అనుకోండి. ఎత్తు ఎక్కేటప్పుడు ముందే గేరు తగ్గించండి."

"అలాగే."

"మళ్ళీ..."

"అక్కడే ఉంటానండీ. ఆవిడ ఇల్లు ఎవరో ఒకరు చూడాలిగా."

ఆమె స్టీరింగు పట్టుకుని ఒకసారి తల ఊపింది. ఇదివరకు మలుపు తిరిగాక కూడా చాలాసేపు వినపడే కారు, ఈసారి మలుపు దాకా కూడా వినపడలేదు.

మేస్త్రి చేతులు తుడుచుకుని బల్ల వైపు తిరిగాడు. పొట్టి మనిషి కావడంతో ఆమె సీటు మీద వేసుకునే దిండు అక్కడ ఉంది. ట్రయలుకి వెళ్ళేముందు తనే తీసి పెట్టి, తిరిగి వెయ్యడం మరిచాడు. గళ్ళ గలేబు, ఒక మూల చేత్తో కుట్టిన మాసిక, ఇన్నేళ్ళు కూర్చోడంతో నడుమ పడ్డ గుంట.