మీ పేరొచ్చింది, పెద్దమ్మా

కొత్త సంవత్సరం నూరూజ్ పండగనాడు తోక్‌మోక్ ఊరి స్టేడియం బయట సైరకాన్ వేసుకున్న బల్ల దగ్గర జనం విరగబడ్డారు. బల్ల మీద తళతళా మెరిసే స్టీలు డేగిసా, దాని పక్కన గాజు పెట్టె. కాగితం ముక్క మీద పేరూ, ఫోన్ నంబరూ రాసి పెట్టెలో వేస్తే చాలు. లాటరీ తీసి ఆ డేగిసాను ఒకరికి ఊరికే ఇచ్చేస్తారు. సాయంత్రానికి పెట్టె నిండిపోయింది. ఇంటికెళ్ళి దాన్ని మొగుడి ముందు పెట్టి, "చూశావా? ఇంతమంది! వీళ్ళలో పిడికెడు మంది కొన్నా మన పంట పండినట్టే" అంది సైరకాన్.

సైరకాన్ పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆమెను ఈ వంటపాత్రల అమ్మకంలోకి దించింది చోల్పొనై. సైరకాన్ లాంటి ఆడవాళ్ళు ఊరంతా చాలామంది చోల్పొనై కింద ఉన్నారు. వాళ్ళు ఏది అమ్మినా అందులో ఆమెకు వాటా. పేరు రాసినవాళ్ళ ఇంటికెళ్ళి డేగిసాలో వండి చూపించాలి, చూసినవాళ్ళు కొనాలి. అదీ వ్యాపారం. లాటరీలో ఇచ్చే డేగిసా చోల్పొనైది, వండి చూపించే డేగిసా మాత్రం ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి. సైరకాన్ తన చెవి కమ్మలు అమ్మి కొనుక్కుంది.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలుపెట్టింది. అప్పుడు తెలిసింది సంగతి.

"డేగిసా నాకొచ్చిందా?"

"లేదండీ, కానీ మీ ఇంటికొచ్చి..."

"రాలేదా? అయితే పెట్టెయ్."

ఒకావిడ, "బెలూన్ ఇస్తారంటే పిల్లాడి ఏడుపు మాన్పడానికి రాశానమ్మా, నన్నొదిలెయ్" అంది. ఒకాయన తన నంబరుకు బదులు అత్తగారి నంబరు రాసి పోయాడు. ఆ అత్తగారు సైరకాన్‌ను, అల్లుణ్ణి, అల్లుడి వంశాన్ని కలిపి దులిపేసింది. ఓపిగ్గా విన్నవాళ్ళు కూడా చివర్లో ఒకటే అడిగేవాళ్ళు, "ఇంతకీ ఎవరికొచ్చిందమ్మా అది?" అని. లాటరీ ఇంకా తీయనే లేదు మరి.

"అక్కా, ఎప్పుడు తీస్తాం?" అని చోల్పొనైని అడిగింది.

"అందరింటికీ వెళ్ళొచ్చాక తీద్దాం. ముందే తీసేస్తే నీ ఫోన్ ఎవరెత్తుతారే పిచ్చిదానా? అసలు నువ్వు మాట్లాడే పద్ధతే బాలేదు. ఎత్తగానే 'మీ పేరొచ్చింది' అను. నీ గొంతులో సంతోషం ఉండాలి."

"రాలేదు కదక్కా!"

"వంట చూపించడానికి వచ్చింది కదా పేరు. అబద్ధమేముంది? ఆ ముక్క మెల్లగా తర్వాత చెప్పు."

ఆ మాట సైరకాన్‌కు మింగుడు పడలేదు. కానీ నెల తిరిగినా ఒక్క గరిటె కూడా అమ్ముడుపోలేదు. చివరికొక రోజు కళ్ళు మూసుకుని అనేసింది.

"మీ పేరొచ్చింది, పెద్దమ్మా!"

అవతల ఐమ్‌కాన్ అనే ముసలావిడ. "ఓరి దేవుడో! నాకే! ఒసే కోడలా, ఇటు రావే, డేగిసా మనకే వచ్చిందే!" అని కేకేసింది. సైరకాన్ "అది కాదు పెద్దమ్మా, వచ్చిందంటే..." అంటూనే ఉంది, ఫోన్ కోడలి చేతిలోకి పోయింది. కోడలు చకచకా ఇంటి గుర్తులు చెప్పి, "రేపు మధ్యాహ్నం రా అక్కా, భోజనం ఇక్కడే" అని పెట్టేసింది. సైరకాన్ మళ్ళీ చేసింది, మళ్ళీ మళ్ళీ చేసింది. ఎప్పుడు చేసినా లైను ఖాళీ లేదు. ముసలావిడ చుట్టాలందరికీ చెప్పుకుంటోంది.

మర్నాడు తన డేగిసా సంచిలో పెట్టుకుని వెళ్ళింది. తలుపు తీయగానే నూనెలో వేగుతున్న బోర్సోక్ పిండిముక్కల వాసన. గుమ్మంలో అడుగు పెట్టడానికి సందు లేనన్ని చెప్పులు. లోపల గదినిండా ఆడవాళ్ళు. మధ్యలో తెల్లటి తలగుడ్డ కట్టుకుని, మఖ్మల్ కోటు వేసుకుని పెళ్ళిపెద్దలా ఐమ్‌కాన్ కూర్చుని ఉంది. పెద్దలు కూర్చునే పై స్థానంలో దిండ్లకానుకుని ఆవిడ ఆడపడుచు బాత్మా. పనిగట్టుకుని నారిన్ కొండల నుంచి టాక్సీలో దిగింది.

"ఏదీ, మా వదినకొచ్చిన నిధి?" అంది బాత్మా. "ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి మా వదినకు ఊరికే వచ్చినవి దగ్గూ జలుబే. ఈ వింత కళ్ళారా చూద్దామని వచ్చాను."

అందరూ నవ్వారు. ఐమ్‌కాన్ మాత్రం నవ్వలేదు, గడ్డం పైకెత్తి కూర్చుంది. ఆ గడ్డం చూశాక సైరకాన్‌కు నిజం అందరి ముందు చెప్పబుద్ధి కాలేదు. "పెద్దమ్మా, ఒక్కసారి వంటింట్లోకి వస్తారా?" అని తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

ఐమ్‌కాన్ ముఖం నల్లబడింది. పొయ్యి దగ్గరి చిల్లులగరిటె అందుకుంది. కొడుతుందేమో అనుకుంది సైరకాన్.

"నీ అమ్మ వయసుదాన్ని ఇట్లా ఆడిస్తావా?"

"తప్పే పెద్దమ్మా. నేను వెళ్ళి వాళ్ళకు చెప్తాను."

"నోర్ముయ్! ఆ బాత్మా ముందా? చచ్చేదాకా దెప్పుతుంది. చచ్చాక సమాధి దగ్గరకొచ్చి కూడా దెప్పుతుంది." ముసలావిడ సంచిలోకి తొంగి చూసింది. "ఇది అట్లాంటిదేగా? ఈ పూటకు ఇక్కడ వదిలెయ్. రేపొచ్చి తీసుకుపో."

ఇచ్చేస్తే చేతిలో ఉన్న ఒక్క ఆధారం పోతుంది, ఇవ్వకపోతే ఈ ముసలావిడ పరువు పోతుంది. సైరకాన్ ఇచ్చింది. ఎటూ వచ్చాను కదా అని, నూనె లేకుండా నీళ్ళు లేకుండా క్యారెట్లు ఉడికించి చూపించింది. బాత్మా ఒక ముక్క నోట్లో వేసుకుని, "కొవ్వు లేని తిండా! మేమేమైనా కుందేళ్ళమా?" అంది. అంతే, కొనేవాళ్ళెవరైనా ఉన్నా ఆ మాటతో వెనక్కి తగ్గారు.

మర్నాడు పొద్దున్నే వెళ్తే డేగిసా లేదు.

"బాత్మా పట్టుకుపోయింది" అంది ఐమ్‌కాన్, ఎటో చూస్తూ. "'ఎంత బాగుందో వదినా' అంది. అని ఊరుకుందా? చేత్తో నిమురుతూ కూర్చుంది. మెచ్చుకున్న వస్తువు చేతిలో పెట్టకపోతే రేపు నలుగురూ ఏమంటారు?"

"అది నాది పెద్దమ్మా!"

"నీదని నాకు తెలుసు. వాళ్ళకు తెలీదుగా."

సైరకాన్ గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూలబడి భోరుమంది. దుఃఖం కాదది, ఒళ్ళు మంట. పెట్టె మీద, ఫోన్ మీద, అత్తగారి నంబరు రాసిన ఆ అల్లుడి మీద, అందరికంటే ఎక్కువ తన మీద. ఐమ్‌కాన్ వేడి పాలటీ తెచ్చి చేతిలో పెట్టింది.

"అది సరేగానీ, అసలు డేగిసా ఎవరికొచ్చింది?"

"ఎవరికీ రాలేదు. ఇంకా తీయలేదు."

"తీయలేదా?" ముసలావిడ కళ్ళు చికిలించింది. "అంటే నాకు రాలేదని మాత్రం ఎవరు చెప్పగలరు?"

తలగుడ్డ బిగించి కట్టుకుని, "పద" అంది.

ఆ రోజు ఫర్నిచర్ కొట్టు పైనున్న హాల్లో అమ్మకందార్ల సమావేశం. వేదిక మీద చోల్పొనై, నమ్మకం ఉంటే కొండలు కూడా కదులుతాయని చెబుతోంది. ఐమ్‌కాన్ నేరుగా ముందు వరసలోకి వెళ్ళి నిలబడింది.

"అమ్మాయ్, లాటరీ తియ్యి. తీస్తావని వచ్చాను."

చోల్పొనై నవ్వింది. "కూర్చోండమ్మా. దానికో పద్ధతుంది..."

"పద్ధతా? పండగనాడు పేర్లు రాయించుకున్నారు. అప్పుడు మంచు కురుస్తోంది. ఇప్పుడు ఊళ్ళో గొర్రెలన్నీ మేతకు కొండెక్కాయి. ఇంకెప్పుడు తీస్తావు, అవి దిగొచ్చాకా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "మా పెట్టెలు కూడా తీయలేదక్కా, జనం తిడుతున్నారు" అన్నారు. గుసగుసలు గోల అయ్యాయి. అంత పెద్దావిణ్ణి బయటికి పొమ్మనడానికి చోల్పొనైకి నోరు రాలేదు. సైరకాన్ నింపిన పెట్టెనూ, లాటరీ డేగిసానూ తెప్పించింది చోల్పొనై.

ఐమ్‌కాన్ రెండు చేతులూ చాచి ప్రార్థన చేసుకుంది. ఆవిడ తన పేరే పలుకుతుండడం పక్కనున్న సైరకాన్‌కు స్పష్టంగా వినిపించింది. సైరకాన్ పెట్టెలో చెయ్యి పెట్టి ఒక కాగితం తీసి చదివింది.

"ఎసెన్‌కుల్."

ముసలావిడ చేతులు కిందికి దిగిపోయాయి.

అందరికీ వినపడేలా ఫోన్ స్పీకర్లో పెట్టి సైరకాన్ ఆ నంబరుకు చేసింది. "అన్నా, మీ పేరొచ్చింది..."

"మళ్ళీ మీరా!" అరిచాడు అవతలివాడు. "మీ లాటరీలో నా పేరు కిందటేడాది కూడా వచ్చింది! ఏమీ కొనను, ఫోన్ చేశారంటే బాగుండదు!" ఠక్కున పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కలవలేదు. హాలంతా నవ్వులు.

"చూశారుగా?" అంది చోల్పొనై, ప్రాణం లేచొచ్చినట్టు. "ఆయనే వద్దన్నాడు. ఇక డేగిసా ఇక్కడే ఉంటుంది."

"ఉండదు" అంది ఐమ్‌కాన్. తన ఫోన్ తీసి సైరకాన్ చేత నంబరు నొక్కించుకుంది. "నాయనా, ముందు నన్ను తిట్టు. తిట్టడం అయ్యాక విను. నేను అమ్మేదాన్ని కాదు, మోసపోయినదాన్ని. డేగిసా నీకే వచ్చింది, నాకు రాలేదు. వచ్చి పట్టుకుపో."

అవతలివాడు, "ఏం కొనాలి?" అన్నాడు.

"ఏమీ కొనక్కర్లేదు."

"మరి ఎందుకిస్తున్నారు?"

ఐమ్‌కాన్ హాలు గుర్తులు చెప్పి ఫోన్ పెట్టేసింది.

పక్క వీధిలో టైర్ల కొట్టు అతనిది. జిడ్డు చేతులతో వచ్చాడు, గుమ్మం దాటి లోపలికి రాలేదు. డేగిసాను తిప్పి చూశాడు, మూత పెట్టి చూశాడు, ఏ కాగితం మీదా సంతకం పెట్టనన్నాడు. చంకలో పెట్టుకుని, ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనన్నట్టు గబగబా మెట్లు దిగిపోయాడు. కనీసం మంచిదమ్మా అని కూడా అనలేదు.

వరండాలో చోల్పొనై సైరకాన్ రెక్క పట్టుకుంది. "నీ నోటి దగ్గర కూడు నువ్వే పారబోసుకున్నావు. పెట్టెలో ఇంకా ఎన్ని పేర్లున్నాయి! ఇప్పుడెవరింటికి వెళ్తావు?"

"ఎవరింటికీ వెళ్ళనక్కా. ఆ పెట్టె నువ్వే ఉంచుకో. ఆ సంతోషం గొంతు నాకు రాదు, నువ్వే చేసుకో ఫోన్లు."

వేసవిలో సైరకాన్ బజారు వెనక ఒక చిన్న కుట్టు దుకాణంలో చేరింది. తన డేగిసా కోసం ఐమ్‌కాన్‌కు ఫోన్ చేసినప్పుడల్లా "వస్తోంది, దారిలో ఉంది" అనేది ముసలావిడ. ఆడపడుచుకు నిజం చెప్పుకోవడానికి ఆవిడకు ఆకురాలే కాలం దాకా పట్టింది.

అప్పుడొచ్చింది డేగిసా, నారిన్ టాక్సీ డ్రైవర్ చేతి మీదుగా. పాత్ర ఖాళీగా పంపకూడదు కనుక బాత్మా అందులో నిండా ఎండు పెరుగు ఉండలు పోసింది, మాట కూడా చెప్పి పంపింది. "మా వదినకు ఊరికే వచ్చిందంటే నేను మొదటి రోజే నమ్మలేదని చెప్పు."

పేడపిడకల పొయ్యి మీద కాగి కాగి దాని అడుగు బొగ్గులా మారిపోయింది. పెరట్లో నీళ్ళ గొట్టం దగ్గర కూర్చుని సైరకాన్ ఇసకతో తోమింది, బూడిదతో తోమింది, మోచేతులు లాగేదాకా తోమింది. మొగుడు వచ్చి, "పోనీలే, వంటకు పనికొస్తుందిగా" అన్నాడు.

"నువ్వు మాట్లాడకు, ఇవి నా చెవి కమ్మలు" అని, ఇంకో గుప్పెడు ఇసక తీసుకుంది.