నంబరు చెప్పండి మేడమ్

"ఏమే, మందుల షాపు వాళ్ళు నన్ను మాత్రలు అయిపోవచ్చాయా అని అడుగుతున్నారు. ఏం మాత్రలే?"

సోఫాలో కాళ్ళు చాపుకుని కూచున్న రిఫ్అత్, ఫోను కళ్ళకు దూరంగా పట్టుకుని అడిగాడు. ఇన్సాఫ్ వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూచుని ములూఖియా ఆకు దూస్తోంది. రెండు కట్టలయ్యాయి, ఇంకొకటుంది. పొద్దున ఎనిమిదికి ఆఫీసులో సంతకం పెట్టి, మధ్యాహ్నం కైరో మెట్రోలో నిలబడి షుబ్రా పేటలో ఇల్లు చేరి, అత్తగారి దుప్పటి ఉతికి ఆరేసి, ఆడపిల్లలిద్దరికీ పెట్టి, అప్పుడు కూచుంది. మొగుడి మాట చెవిన పడ్డా ఆమె చేతులు ఆగలేదు. పదిహేనేళ్ళ కాపురంలో నేర్చుకున్న విద్య అదొక్కటే, గుండె ఆగినా చేతులు ఆడుతుండాలి.

"ఎవరికో పంపబోయి నీకు పంపుంటారు" అంది.

"నా పేరు పెట్టి మరీ రాశారే! విను. 'శ్రీ రిఫ్అత్ గారూ, మీరు మా దగ్గర తీసుకున్న ఇరవై ఒక్క రోజుల మాత్రల పట్టీ అయిపోవచ్చింది. ఈ వారం కొంటే రెట్టింపు పాయింట్లు.' నేనెప్పుడు కొన్నానే ఇది?"

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. మక్కా వెళ్ళొచ్చినప్పటి నుంచి వీధి వీధంతా ఆమెను హాగ్గా తఫీదా అంటుంది. మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేదు కానీ చెవులకేమీ కాలేదు.

"ఇరవై ఒక్క రోజులేంట్రా? ఏ జబ్బుకైనా వారమో పది రోజులో ఇస్తారు. ఇరవై ఒక్క రోజులు వేసుకుని మళ్ళీ మొదలెట్టే మాత్ర ఒక్కటే ఉంది లోకంలో. నీ పెళ్ళాన్నడుగు."

రిఫ్అత్ అటు చూశాడు, ఇటు చూశాడు. "ఎల్లుండి శుక్రవారం నమాజయ్యాక నేనే వెళ్ళి కనుక్కుంటా" అని టీవీ గొంతు పెంచాడు.

ఇన్సాఫ్ మూడో కట్ట విప్పింది. అవును, ఆ మాత్రే. రెండేళ్ళుగా మింగుతోంది. బియ్యం డబ్బా అడుగున, ఈ ఇంట్లో మరో చెయ్యి పడని చోట దాచుకుని మింగుతోంది. రెండో పిల్ల పుట్టినప్పుడు ఆసుపత్రి మంచం కిందికి కారిన రక్తం ఆమెకింకా గుర్తే. మూడోది వద్దమ్మా, వస్తే నువ్వుండవు అని డాక్టరమ్మ ఇద్దర్నీ కూచోబెట్టి చెప్పింది. రిఫ్అత్ బుద్ధిమంతుడిలా తలూపాడు. తిరిగొచ్చేటప్పుడు మైక్రోబస్సులో, "డాక్టర్లు అలాగే బెదిరిస్తారు. మా అమ్మ ఆరుగుర్ని కనలేదా?" అన్నాడు. ఆ ఆరుగుర్ని కన్న తల్లి ఏ పండక్కీ మర్చిపోకుండా ఒకటే పాట, "మా ఆయన అబ్దుత్తవ్వాబ్ పేరు ఈ ఇంట్లో లేకుండా పోయింది. ఒక్క మగపిల్లాడు, ఒక్కడంటే ఒక్కడు." చచ్చిపోయిన ముసలాయన పేరు బతికించడానికి బతికున్న మనిషి చావాలట. ఆ మాట ఎవరితో అంటుంది? అనకుండా మాత్ర మింగింది.

చెప్పాలనుకోలేదా? అనుకుంది. చిన్నది బడికి వెళ్ళాక చెబుదామనుకుంది, మొగుడు మంచి మూడ్‌లో ఉన్న రోజు చెబుదామనుకుంది, ఒకసారి టీ కలుపుతూ నోటిదాకా తెచ్చుకుంది కూడా. ఎప్పుడు చెప్పాలో, ఏ మాటతో మొదలెట్టాలో, అది ఆమె సొంతం. ఆ ఒక్క సొంతాన్నీ ఒక షాపు, రెట్టింపు పాయింట్ల కింద ఆమె మొగుడి చేతిలో పెట్టేసింది.

ఇదివరకు ఆ షాపున్న వీధి మూల మీద డాక్టర్ నషాత్ మందుల కొట్టుండేది. ముసలాయన. ఆడమనిషి వస్తే తలెత్తి చూసేవాడు కాదు. ఆమె చీటీ అందిస్తే మాత్రలు పాత పేపర్లో చుట్టి, పైన నల్ల సంచీ వేసి ఇచ్చేవాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఆయన పోయాక కొడుకులు కొట్టమ్మేశారు. నాలుగు నెలల కిందట అక్కడ అద్దాల తలుపులు, చల్లటి గాలి, గళ్ళాపెట్టె మీద తెరలున్న పెద్ద షాపు లేచింది. మొదటి రోజు వరసలో ఇన్సాఫ్ వెనకాల ముగ్గురు మగాళ్ళు నిలబడి ఉండగా కౌంటరు పిల్ల నవ్వుతూ అడిగింది, "నంబరు చెప్పండి మేడమ్."

ఏ నంబరు చెప్తుంది? కైరోలో ఆడది పదిమంది వినేలా తన ఫోన్ నంబరు చెప్తుందా? ఆఫీసులో పక్క సీటు నెవీన్ చెప్పింది ఒకసారి, చెప్పుల షాపులో. ఆ సాయంత్రమే ఫోను. "నువ్వు కొన్న ఎర్ర చెప్పులు నీకు బావుంటాయి" అంటూ ఎవడో. ఇరవై రోజులు అదే వరస. చివరికి వాళ్ళన్నయ్య ఏం చేశాడు? వాణ్ణి పట్టుకోలేదు, షాపు వాళ్ళనడగలేదు, చెల్లెలి సిమ్ము రెండు ముక్కలు చేశాడు. అందుకే ఇక్కడ ఆడవాళ్ళందరికీ నోట్లో ఒకటే నంబరు, మొగుడిదో అన్నదో తండ్రిదో. గ్యాసు బండకదే, పిల్లల బడికదే, బట్టల షాపుకదే. ఇన్సాఫ్ నోటికీ అదే వచ్చింది. పేరేమిటంటే అలవాటుగా రిఫ్అత్ అంది. ఆ తప్పు తెలివితక్కువది చేసే తప్పు కాదు, భయంతో బతికేవాళ్ళు చేసే తప్పు.

ఆమె ఉద్యోగమేమో పేర్లు రాసుకోవడమే. జనన మరణ రికార్డుల ఆఫీసులో మూడో కిటికీ. ఎంతెంత మీసాలున్న వాళ్ళు కూడా తల్లి పేరు అడగ్గానే కిటికీలోకి వంగి, వెనకవాళ్ళకు వినపడకుండా, ఆమె ఒక్కదాని చెవిలో ఊదుతారు. నలుగురిలో తల్లి పేరు బయటపడితే పరువు పోతుందట. ఇన్సాఫ్ ఎవర్నీ చూసి నవ్వలేదు. సిగ్గుపడే వాళ్ళకు కాయితం ముక్క తోసి రాయమంటుంది, ఎక్కించాక చింపేస్తుంది. ప్రభుత్వమిచ్చిన కూలిపోయే బల్ల, విరిగిన కుర్చీ ఉన్న ఆఫీసులో ఆమె ఒక మగాడి సిగ్గును ఇంత జాగ్రత్తగా చూసుకుంటుంటే, చల్లటి గాలి కొట్టే షాపులో తన ఒంటి సంగతి ఎవరికీ పట్టలేదు!

గురువారం ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్ళింది. కౌంటరు పిల్ల ఎద మీద బసంత్ అని పేరు బిళ్ళ.

"అమ్మాయ్, ఈ నంబరు మీ దాంట్లోంచి తీసెయ్."

"ఓనరు రావాలి మేడమ్. నంబరు ఎవరి పేరున ఉంటే వాళ్ళొచ్చి చెప్పాలి."

"కొన్నది నేను. డబ్బిచ్చింది నేను. మింగింది నేను."

బసంత్ తెర చూసింది. "ఇందులో మీరు లేరు మేడమ్. రిఫ్అత్ అనే ఆయనే ఉన్నాడు. ఆడవాళ్ళ ప్యాడ్లు కూడా ఆయనే కొన్నట్టుంది."

"అయితే నెలనెలా అవస్థ కూడా ఆయన్నే పడమను!"

పిల్ల నవ్వబోయి, వెనక గాజు గదిలో ఉన్న మేనేజరును చూసి ఆపుకుంది. "నన్ను తిట్టకండి మేడమ్. రోజుకు నూట యాభై నంబర్లు రాబట్టకపోతే నా జీతం కోస్తారు. ఈ బిళ్ళ చదివి, 'బసంత్, మరి నీ నంబరో' అని వరసలో ప్రతివాడూ అడుగుతాడు. నేనూ పడుతున్నాను."

మేనేజరు బయటకొచ్చి, "మీ భద్రత కోసమే మేడమ్ ఈ నియమం. ఎవరు పడితే వాళ్ళొచ్చి ఇంకొకళ్ళ వివరాలు మార్చకూడదు కదా" అన్నాడు. ఆమె వివరాలు ఇంటిదాకా మోసుకెళ్ళి పారేసిన వాళ్ళు ఆమెకు భద్రత గురించి చెబుతున్నారు. ఇన్సాఫ్‌కు ఆ అద్దాల మీద చెప్పు విసరాలనిపించింది. విసరలేదు. ఇంటికెళ్ళి వంకాయలు వేయించింది.

ఆ రాత్రి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూస్తే ఒక్క మాత్ర మిగిలింది. మింగింది. పడక చేరాక రిఫ్అత్ ఆమె వైపు తిరిగి, "ఉమ్ హనా, ఆ షాపు వాళ్ళు రాసింది అమ్మ అన్న మాత్రేనా? నిజం చెప్పు" అన్నాడు. ఇలా హనా తల్లీ అని పెద్ద కూతురి పేరు పెట్టి పిలిస్తే కోపంగా ఉన్నాడని అర్థం. ఆమె, "రేపు షాపుకెళ్తానన్నావుగా, నేనూ వస్తా" అంది.

శుక్రవారం నమాజయ్యాక షాపు కిటకిటలాడింది. మసీదు నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే వరసలో ఉన్నారు. కింది అంతస్తు ఇస్త్రీ కొట్టు సబ్రీ, ఎదురింటి ఉమ్ లుత్ఫీ, ఇంకా తెలిసిన మొహాలే. రిఫ్అత్ పాదాల దాకా దిగిన తెల్లటి గలాబియ్యాలో ఛాతీ విరుచుకుని ముందుకెళ్ళాడు.

"నా నంబరు మీద నాకు తెలియని మాత్రలు రాశారు. ఏంటవి, ఎవరు కొన్నారు? మొత్తం చదువు. నాకు దాపరికాల్లేవు."

బసంత్ ఇన్సాఫ్ వైపు చూసింది. "గట్టిగా చదవాలా మాష్టారూ?"

"గట్టిగానే చదువు."

పిల్ల తెర కాస్త ఇన్సాఫ్ వైపు తిప్పి, బడిలో పాఠం చదివినట్టు మొదలెట్టింది. "జుట్టు మొలిపించే నూనె, రెండు సీసాలు. మీసానికి నల్ల రంగు, మూడు పెట్టెలు. మగవారి బలానికి మాత్రలు, నీలంవి, నాలుగు పట్టీలు..."

సబ్రీ దగ్గినట్టు నవ్వాడు. "నాలుగే! నెలకా మాష్టారూ, వారానికా?"

"ఆ మీసం సొంతమనుకున్నానే" అంది ఉమ్ లుత్ఫీ, పక్కావిడకు వినపడేంత మెల్లగా.

రిఫ్అత్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "అవి... అవి నా స్నేహితుడివి" అన్నాడు. అది విని వరసలో వెనకెక్కడో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. పదిహేనేళ్ళలో ఇన్సాఫ్ అతన్నిలా చూడలేదు. రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా నిలబడ్డాడు. ఆమెకు సంతోషం కలగాలి. కలిగింది కూడా, అబద్ధమెందుకు, ఒక్క నిమిషం చల్లగా కలిగింది. చదవనీ, ఇంకా చదవనీ అనుకుంది.

అంతలో తెర మీద తర్వాతి వరస కనపడింది. పెద్దవాళ్ళ డైపర్లు, పెద్ద సైజు, ఆరు కట్టలు.

హాగ్గా తఫీదావి. రెండేళ్ళుగా ముసలావిడకు ఒంటేలు ఆగదు. ఆ సంగతి కన్నకొడుక్కి కూడా సరిగా తెలియదు. ఇన్సాఫ్‌కు తెలుసు, ఆ దుప్పట్లకు తెలుసు. పగలంతా కోడల్ని దెప్పే ఆ నోరు, గుడ్డ మార్చేటప్పుడు మాత్రం గోడ వైపు తిరిగి, "తలుపేశావా తల్లీ?" అని అడుగుతుంది. ఉమ్ లుత్ఫీ ఆ మాట వింటే పొద్దు అస్తమించేలోగా వీధంతా తెలుస్తుంది.

"పెద్దవాళ్ళ..." అని బసంత్ నోరు తెరిచింది.

ఇన్సాఫ్ ముందుకు వంగి అరచెయ్యి తెర మీద కప్పింది.

"చాలు. ఆపు."

"మాష్టారే చదవమన్నారు మేడమ్."

"ఆయన చదవమంటే చదివేస్తావా? మా ఇంట్లో ఎవరికి జుట్టు ఊడిందో, ఎవరికి మోకాళ్ళు వంగవో, ఎవరికి నెల తప్పిందో మీకెందుకు? మందు కొనడానికొచ్చాం. మా బతుకులు అప్పజెప్పడానికి కాదు." మొగుడి వైపు తిరిగింది. "నువ్వు అడగాలనుకున్నది ఒక్కటేగా. ఆ ఇరవై ఒక్క రోజుల మాత్ర నాది. పిల్లలు పుట్టకుండా నేనే మింగుతున్నాను. చచ్చిపోతానని డాక్టరమ్మ చెప్పినప్పుడు నువ్వూ ఉన్నావు. ఇంట్లో, నాకు వీలైనప్పుడు చెబుదామనుకున్నాను. వీళ్ళు చెప్పనివ్వలేదు."

ఎవరూ నవ్వలేదు. ఉమ్ లుత్ఫీ తన సంచీలోకి చూసుకుంది. రిఫ్అత్ "ఈ నంబరు కొట్టెయ్" అని బసంత్‌తో అని, ఎవరి మొహమూ చూడకుండా అద్దాల తలుపు తోసుకుని బయటికెళ్ళి మెట్ల మీద నిలబడ్డాడు. జేబులోంచి ఫోను తీశాడు, ఏదో ఒకటి పట్టుకోవాలి కనక.

బసంత్ మీటలు నొక్కింది. "తీసేశాను మేడమ్" అంది మెల్లగా. ఇన్సాఫ్ కదల్లేదు. పర్సులోంచి నోటు తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఆ మాత్రల పట్టీ ఒకటివ్వు."

మేనేజరు గాజు గదిలోంచి చూస్తున్నాడు. బసంత్ పెట్టె తెచ్చి, అలవాటుగా అడగనే అడిగింది.

"నంబరు చెప్పండి మేడమ్."

"లేదు."

"మీదైనా, మీ నాన్నదైనా..."

"లేదన్నాను."

"పాయింట్లు రావు మేడమ్."

"రాకపోనీ."

బసంత్ ఒకసారి వెనక్కి చూసి, అంకెల చోట వరసగా సున్నాలు కొట్టింది. బిల్లు బయటికొచ్చింది. ఇన్సాఫ్ పెట్టెను సంచీ అడుగుకు తోయకుండా చేతిలోనే పట్టుకుని తలుపు వైపు నడిచింది. అద్దం అవతల మెట్ల మీద రిఫ్అత్ ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. ఆమె ఏం కొన్నదో చెప్పడానికి ఈసారి అది మోగలేదు.