వరస తప్పిన అరవై నాలుగు ఫొటోలు

మర ఆయన బతుకు, మరమ్మతు ఆయన వృత్తి. మరపు మాత్రం రెండేళ్ళ కిందట చెప్పాపెట్టకుండా దిగిన చుట్టం. మామూలు చుట్టాలు నాలుగు రోజులుండి పోతారు. ఇది పెట్టేబేడాతో వచ్చినట్టుంది, కదిలే సూచనలు లేవు.

కుట్టుమిషన్ల మెకానిక్కుగా ఆయనకు ముప్ఫయ్యారేళ్ళ అనుభవం. ఇంటి ముందుగదే దుకాణం. ఒకప్పుడు ఎంతటి మిషనైనా కబుర్లు చెబుతూ విప్పి, ఆ కబుర్లు అయ్యేలోపే బిగించేవాడు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం చిన్న స్ప్రింగు చేత్తో పట్టుకుని, అది ఎటువైపుదో తెలియక గంటసేపు కూర్చుండిపోయాడు. మర్నాటి నుంచి ఒక్కో ముక్క విప్పగానే ఒక్కో ఫొటో తీయడం మొదలుపెట్టాడు. ఆఖరి ఫొటో నుంచి మొదటి ఫొటో దాకా వెనక్కి నడుస్తూ బిగిస్తే మిషను మళ్ళీ మిషనయ్యేది. ఫొటోలెందుకని భార్య అడిగితే, "పార్టు మార్చేశావని రేపెవరైనా గొడవకొస్తే సాక్ష్యం ఉండొద్దూ" అన్నాడు. ఆమె నమ్మింది. చేయితిరిగిన మెకానిక్కని అందరూ మెచ్చుకునే ఆ చేతికి ఫోను దారి చూపిస్తోందని ఎవరికీ తెలియకూడదు. ఆయన తాపత్రయమంతా అదే.

ఆ ఆదివారం పొద్దున్న ఫోను ఇక నావల్ల కాదంది. పాపం, దానిదీ ఆయనదీ ఒకచోటే నొప్పి. దాని మెమరీ నిండిపోయింది, ఆయనది ఖాళీ అవుతోంది.

"ఫోను ఇక్కడ పెట్టి వెళ్ళండి, నేను చూస్తాను" అంది భార్య. ఆమె మందుల షాపులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది. ఏ మాత్ర ఏ అరలో ఉందో తల తిప్పకుండా చెప్పగలదు. ఆయన సరేనని మిషను బెల్టు కొనడానికి బజారుకెళ్ళాడు. బల్ల మీద టైలరమ్మాయి ఓవర్‌లాక్ మిషను, గుడ్డ అంచులు కుట్టేది, ముందురోజు ఆయనే విప్పాడు, ముక్కలై పడుంది. నాలుగింటికల్లా కావాలంది ఆ అమ్మాయి. స్కూలు యూనిఫారాలు అరవై జతలు అంచులు కుట్టకుండా ఆగిపోయాయి.

ఆయన తిరిగొచ్చేసరికి పన్నెండయింది. భార్య ఫోను అందించింది.

"ఫొటోలన్నీ కొత్త మెమరీ కార్డులోకి మార్చి సర్దేశాను. స్క్రూలన్నీ ఒక ఫోల్డరు, స్ప్రింగులన్నీ ఒకటి, పళ్ళ చక్రాలన్నీ ఒకటి. మీ బొటనవేలు ఇరవై మూడు ఫొటోల్లో పడింది. దానికీ ఒక ఫోల్డరు పెట్టాను, చిన్నబుచ్చుకుంటుందని."

ఫోల్డరంటే మడతే కదా, మడతపేచీ అక్కడే వచ్చింది. కార్డులోకి మారేసరికి ఫొటోలన్నిటికీ ఇవాళ్టి తేదీయే పడింది. పేర్లు కూడా ఆమె కొత్తగా పెట్టింది. ఓవర్‌లాక్ మిషనువి అరవై నాలుగు ఫొటోలు, ఒక్కటీ పోలేదు. పోయింది వరస. ఆమె సక్రమంగా సర్దడంతోనే ఆయన క్రమం కాస్తా గల్లంతయింది.

ఆయన తెచ్చిన బెల్టు పక్కన పడేశాడు. బల్ల ముందు కూర్చుని, ఫోల్డర్లు తెరిచి చూస్తూ తోచినట్టు బిగించడం మొదలుపెట్టాడు. గంట తర్వాత చక్రం తిప్పితే అర చుట్టు తిరిగి కర్రలా బిగుసుకుంది. విప్పాడు. మళ్ళీ బిగించాడు. ఈసారి అర చుట్టు కూడా తిరగలేదు.

"అన్నం చల్లారిపోతోంది" అంది భార్య గుమ్మంలోంచి. "ముప్ఫయ్యారేళ్ళుగా చేస్తున్న పనేగా. ఫొటో చూస్తేగాని మిషను మీ మాట వినదా ఏమిటి?"

ఎగతాళికే అంది. ఆయన తలెత్తలేదు. స్క్రూడ్రైవరు పట్టిన చేయి మిషను మీదే ఆగిపోయి ఉంది. ఆమె వచ్చి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"గుర్తుండడం లేదే" అన్నాడాయన, మిషనుకు చెబుతున్నట్టు.

"ఎప్పటినుంచి?"

"రెండేళ్ళయింది."

"రెండేళ్ళా. నాకు చెప్పడం కూడా మరిచిపోయారా?"

"అదొక్కటే మరిచిపోలేదు. రోజూ గుర్తుపెట్టుకుని మరీ చెప్పలేదు."

ఆమెకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఏది ముందొచ్చిందో ఆమెకే తెలియదు. కాసేపటికి ఫోను తీసుకుని స్క్రూల ఫోల్డరు తెరిచింది. ఒక్కో ఫొటోనూ వేళ్ళతో పెద్దది చేసి చూస్తూ పోయింది.

"ఈ మూల స్టీలు పళ్ళెం ఏమిటి?"

"విప్పిన ముక్కలు అందులో వేస్తాను."

"ఇందులో రెండు ముక్కలే ఉన్నాయి. ఇదిగో, ఇందులో ఐదు. ఇందులో పళ్ళెం సగం నిండింది." ఆమె గొంతు మారింది. "మీరు విప్పినకొద్దీ పళ్ళెం నిండింది. ముక్కలు లెక్కపెడితే ఏ ఫొటో వెనక ఏదో అదే చెబుతుంది."

ఇద్దరూ వరస కలపడానికి కూర్చున్నారు. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు కూడా అంత పట్టుగా వరసలు కలిపి ఉండరు. ఆమె ముక్కలు లెక్కపెట్టి నంబరు చెబుతుంటే ఆయన కాగితం మీద రాసుకున్నాడు. పదకొండు ఫొటోల్లో పళ్ళెం పడనేలేదు. వాటి దగ్గర ఆగినప్పుడల్లా ఆమె ఆ ఫొటోలోని ముక్క ఆయన చేతిలో పెట్టింది. కొన్నిటిని చేయి దానంతటదే తీసుకెళ్ళి చోట్లో కూర్చోబెట్టింది. కొన్నిటిని పెట్టి, తీసి, తిప్పి పెట్టాల్సొచ్చింది. తలలోంచి జారిపోయినదంతా వేళ్ళలోంచి కూడా పోలేదని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు. రెండేళ్ళుగా చేతిని ఒంటరిగా వదిలి చూసే ధైర్యమే చెయ్యలేదు.

నాలుగు దాటి పది నిమిషాలకు చక్రం నిండా ఒక చుట్టు తిరిగింది, ఆ తర్వాత ఆగకుండా తిరిగింది. అప్పటికే టైలరమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. గుడ్డముక్క పెట్టి కుట్టి చూసుకుంది.

"మా బాబాయి చెయ్యి పడితే మిషను మాట వినాల్సిందే" అంది.

"ఇవాళ నా చెయ్యొక్కటే కాదమ్మాయ్. మీ పిన్ని చెబుతుంటే బిగించాను. ఈమధ్య నాకు గుర్తుండడం లేదు."

ఆ అమ్మాయి ఆయన వంకా, ఆమె వంకా చూసింది. "అయితే ఇద్దరికీ కలిపి చెబుతున్నాను. వచ్చే నెల రెండో మిషను కూడా తెస్తాను" అంది, ఆటోవాడిని కేకేస్తూ.

ఆటో వెళ్ళిపోయాక భార్య తలుపు దగ్గరగా వేసి, ఫోను నోట్సులో కొత్త ఫోల్డరు ఒకటి తెరిచింది.

"రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. మా షాపుకొచ్చేవాళ్ళని చూస్తుంటాగా, డాక్టరు అడిగితే అన్నీ కలగాపులగంగా చెబుతారు. మీరు వరసగా చెప్పండి, రాసుకుంటాను. ముందు ఏది మరిచిపోయారు?"

"స్ప్రింగు" అన్నాడాయన.

ఆమె రాసుకుంది.

"కాదు, ఆగు. అంతకు ముందొకటుంది." ఆయన చేతులకంటిన నూనె గుడ్డతో తుడుచుకుని, ఆమె పక్కకొచ్చి కూర్చున్నాడు. "ఒకరోజు సాయంత్రం మన వీధి మలుపు దగ్గర నిలబడిపోయాను. ఇల్లు ఎటో తెలియలేదు. చాలాసేపు నిలబడ్డాను."

ఆమె స్ప్రింగును ఒక వరస కిందికి జరిపి, పైన ఖాళీ చేసింది.

"చెప్పండి" అంది.