వెనక గోడ మీది గొంతు

నేను ఒక స్పీకర్ని, వెనక గోడకు వేలాడే రకం. మాటలూ పాటలూ ముందు గోడ మీదివాళ్లకు దక్కుతాయి. మా వాటాకు ఉరుము, వాన, ఎవరో నడిచివెళ్లిన అలికిడి. మనుషులు టికెట్టు కొనుక్కుని మరీ భయపడతారని నాకు సినిమా హాల్లోనే తెలిసింది. ఆ హాలు కల్యాణమండపంగా మారాక కృష్ణానగర్‌లోని ఒక స్టూడియో నన్ను తెచ్చుకుంది.

అక్కడ ‘అటక మీద అత్తగారు’ అనే టీవీ హాస్య ధారావాహికకు శబ్దాలు కలిపేవారు. చనిపోయిన అత్తగారు దెయ్యమై కోడలు భార్గవి వంటకు వంకలు పెడుతుంటుంది. ఆ దెయ్యానికి గొంతు కోమలమ్మగారిది. పక్కగదిలో దీపం ఆర్పుకుని మైకు ముందు కూర్చుంటే గానీ ఆమెకు దెయ్యం పలకదు. దెయ్యం మాట ప్రేక్షకుల వీపు వెనకనుంచి రావాలని సౌండ్ ఇంజనీర్ సుభానీ ఆ మైకును నేరుగా నాకు కలిపేవాడు.

ఆ మధ్యాహ్నం కోమలమ్మగారు, “భార్గవీ, పులుసులో ఉప్పేదే” అంది. ఆ తర్వాత ఊపిరి వినిపించింది. గరగరలాడుతూ, మధ్యలో తెగిపోతూ, దారి దొరక్క తడుముకుంటున్న ఊపిరి. నా కాగితపు పొర వణికింది. ఆమె దెయ్యపు ఊపిరి నాకు తెలుసు. ఇది అది కాదు.

“ఇదే కావాలి నాకు,” అన్నాడు దర్శకుడు తిలక్, తొడ చరుచుకుని. “ఇంకొంచెం పెంచు సుభానీ.”

సుభానీ పెంచాడు. నా భయం రెట్టింపయింది. నాకు సొంత మాట లేదు, ఎవరికి చెప్పను?

అంతలో నాలోంచి ఒక పేరు వెలువడింది.

“సుభానీ...”

తిలక్ పకపకా నవ్వాడు. “చూశావా, అమ్మ నిన్ను ఆటపట్టిస్తోంది.”

సుభానీ మెడ తిప్పి నావైపు చూశాడు. “మైకు ముందు అమ్మ ఆటలాడదు సార్” అంటూనే పరిగెత్తాడు.

తలుపు తెరుచుకున్న చప్పుడు, కుర్చీ దొర్లిన చప్పుడు, “అమ్మా, కళ్లు తెరువు. ఇదిగో మందు, పీల్చమ్మా” అన్న అతని గొంతు, అన్నీ నాలోంచే వచ్చాయి. తిలక్ నా కిందే కొయ్యబారిపోయాడు. చాలాసేపటికి ఒక దగ్గు, ఆ వెనక పొడుగాటి శ్వాస. తిలక్ గోడకు జారగిలబడి నేలమీద కూలబడ్డాడు.

కోమలమ్మగారు ఆసుపత్రినుంచి తిరిగొచ్చాక సుభానీ ఆ ముక్క చెరిపేయబోయాడు. ఆమె ఒప్పుకోలేదు.

“ఉంచు నాయనా. ఈ ఉబ్బసం ఇన్నేళ్లూ నా పని చెడగొట్టింది. ఒక్కసారన్నా పనికిరానీ.”

ఆ ఊపిరి విని జనం కడుపుబ్బ నవ్వారట.

ఇప్పుడు నా పొర చిరిగింది. తీగలు కత్తిరించి సామాన్ల గదిలో పడేశారు. గోడ అవతల కొత్తవాళ్లెవరో దెయ్యాలై మూలుగుతుంటారు. ఒక్కోసారి అది నటన కాదేమోననిపిస్తుంది. ఎవరైనా లేచి పరిగెత్తిన అడుగుల చప్పుడు వినబడేదాకా నాకు ప్రాణం కుదుటపడదు.