రెక్కకి ముందు, ఎడమవైపు

"అమ్మ మాత్రలు పైన పెట్టు. విమానంలో మధ్య సీటు నీది, సర్దుకుంటావుగా," అన్నారు మా ఆయన, నేను పెట్టె మూత మీద మోకాలేసి జిప్పు లాగుతుంటే. పెట్టె సర్దేదీ నేనే, సర్దుకునేదీ నేనే. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ ఒక్క మాటతో ఆడదానికి ఎన్ని చాకిరీలు అంటగట్టారు! బట్టలు సర్దు, గిన్నెలు సర్దు, తల్లీకొడుకులు పోట్లాడుకుంటే సర్దిచెప్పు, ఆఖర్న మిగిలిన జాగాలో నువ్వు సర్దుకో. ఆఫీసులోనూ అంతే. కిటికీ పక్క బల్ల ఖాళీ అయితే నిన్నగాక మొన్న చేరినాయనకిచ్చి, "మీరు సర్దుకుంటారులెండి మేడమ్," అన్నాడు మేనేజరు.

మధ్య సీటంటే ఏమిటో నన్నడగండి. కిటికీ పక్కన అత్తగారు, కళ్లు తిరుగుతాయని ఎక్కగానే తెర దించేస్తారు. నడవా వైపు ఆయన, కాళ్లు చాపుకోవాలట. ఆవిడకి సీసా మూత తీసి, ఈయన తాగేసిన కప్పు పట్టుకుని, కింద భూమి ఉందో లేదో తెలీకుండానే దిగేదాన్ని. ఓసారి తెర కాస్త ఎత్తమంటే, "మబ్బులేగా, మన డాబా మీదా ఉంటాయి," అన్నారాయన. అత్తగారు కళ్లు మూసుకునే నవ్వారు.

ఈసారి దారిలో మంచుకొండలొస్తాయి. ఆఫీసులో నా పక్కన కూర్చునే ఆవిడ చూసొచ్చింది. "వెళ్లేటప్పుడు ఎడమవైపు తీసుకోవే. రెక్కకి ముందు. రెక్క పక్కన కూర్చున్నావంటే దారంతా రేకు చూసుకుంటూ పోవాలి," అంది. టికెట్లు తీసేది ఎప్పుడూ నేనే. వాళ్లిద్దరికీ వెనకాల, బాత్రూముకి దగ్గరగా తీశాను. నాకు ముందర, ఎడమ కిటికీ.

"ఈసారి నాది మధ్య సీటు కాదండీ," అన్నాను జిప్పు బిగించి.

"మరి అమ్మకి మాత్రలెవరిస్తారు?"

"ఆవిడ మీ అమ్మగారేగా."

"మొగుడూ పెళ్లాం చెరో మూలా కూర్చుంటే చూసేవాళ్లేమనుకుంటారు?"

"పోట్లాడుకున్నారనుకుంటారు. అనుకోనివ్వండి."

విమానం లేచిన కాసేపటికి ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. "మేడమ్, మీవారు వెనక్కి రమ్మంటున్నారు. ఆయన పక్కనున్న పెద్దాయన ఇక్కడికి మారతానన్నారు." నా చెయ్యి నన్నడక్కుండానే బెల్టు మీదికి పోయింది. ఇన్నేళ్ల అలవాటు మరి. ఆ చెయ్యిని చూస్తే నాకే ఒళ్లు మండింది.

"మారనని చెప్పమ్మా."

అప్పుడే మబ్బులు చీల్చుకుని లేచాయి కొండలు. వరసగా, కోసుగా, ఎండకి మెరుస్తూ. నేను ఉతకని తెలుపు చూడడం జీవితంలో అదే మొదటిసారి. నుదురు అద్దానికి ఆనించి చూస్తూంటే పక్కన ఆయన గొంతు.

"అమ్మ నీళ్లడుగుతోంది."

"సీసా మీ ముందు సీటు జేబులోనే ఉంది. మూత తిప్పితే వస్తుంది."

తల తిప్పలేదు. ఆయన వెళ్లనూ లేదు. సీటు పట్టుకుని నిలబడి, గొంతు తగ్గించి, "సరే, అయిందేదో అయింది. వచ్చేటప్పుడైనా మాతో కూర్చుంటావుగా?" అన్నారు.

"వచ్చేటప్పుడు కొండలు కుడివైపుంటాయండీ. ఆ కిటికీ తీసేసుకున్నాను."

"మరి మా సీట్లు?"

"మీవి మీరు చూసుకోండి."